ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన రోజు

నా చిన్నప్పుడు నాకు తెలిసిన మనుషులందరిలోకీ మంచివాడు ఒక హంతకుడు. ఈ మాట ఎత్తగానే మా పిల్లలు మళ్ళీ మొదలుపెట్టిందిరా అన్నట్టు మొహాలు చూసుకుంటారు. చూసుకోనీ. చెప్పక మానను.

వైటూకే రోజులవి. తేదీ మారగానే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా హడలిపోతుంటే, ఆ భయం పుణ్యమా అని మా నాన్నకు సిడ్నీలో కాంట్రాక్టు దొరికింది. గుంటూరు నుంచి వచ్చి ఆ ఊరి శివారు పారమట్టాలో రెండు గదుల ఫ్లాట్‌లో దిగాం. నాకప్పుడు పదేళ్ళు. నాన్న నిద్రకు తప్ప ఇంటికి వచ్చేవాడు కాదు. అమ్మది రోజూ ఒకటే పాట: "స్కూల్లో ఎవరితోనూ గొడవ పెట్టుకోమాకే. కంప్లయింటు వచ్చిందంటే నాన్న వీసా పోద్ది, అందరం ఫ్లైటెక్కాల." నేను ఆ మాట అక్షరాలా నమ్మాను.

అందుకే రైలు స్టేషన్ వెనక సందులో ఒక పెద్ద క్లాసు అమ్మాయి రోజూ నన్ను కొడుతున్నా నోరు విప్పలేదు. నా నూనె జడను చేతికి చుట్టుకుని తలను గోడకేసి కొట్టేది. మోకాలితో కడుపులో పొడిచేది. కింద పడ్డాక నా వేళ్ళ మీద బూటు మోపి, ఏడుస్తానేమోనని మొహంలోకి చూసేది. నేను ఏడ్చేదాన్ని కాదు. దానికి అదే ఇంకా మంట.

ఒకరోజు పెదవి చిట్లి, చొక్కా నిండా రక్తంతో మెట్ల దగ్గరికి వచ్చేసరికి కిందింటి అంకుల్ చూశాడు. ఆయన తెల్లవాడు, మా తాత కంటే పెద్దవాడు. అయినా అంకులే. అక్కడ మనవాళ్ళకు పెద్దవాళ్ళందరూ అంకుల్సూ ఆంటీలే. ఒంటరి మనిషి, ఎవరితోనూ కలిసేవాడు కాదు. లోపలికి తీసుకెళ్ళి కుళాయి కింద నా మొహం కడిగాడు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి ఇచ్చి, మీ అమ్మకు చెప్పి వస్తానన్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన చెయ్యి లాగి నా నెత్తిన పెట్టుకుని, చెప్పనని ఒట్టు వెయ్యమన్నాను. నవ్వుతూ వేశాడు. తరువాత, ఈ ఒట్టు తప్పితే ఏమవుతుందని అడిగాడు.

"నేను చచ్చిపోతాను, అంకుల్."

ఆయన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. ఆ కదలికకు నా సంచి జారి, అమ్మ అల్లం దంచే ఇనప రోకలి నేల మీద ఖంగుమని పడింది. నాకు ముక్కు మీద కోపం. ఆ పిల్ల పళ్ళు రాలగొట్టాలని పొద్దున దాన్ని సంచిలో వేసుకున్నాను. ఆ రోజు తీయడానికి చేతులు రాలేదు, మర్నాడు తప్పదనుకున్నాను.

ఆయన రోకలి అందుకుని బరువు చూశాడు. తరువాత చెప్పిన సంగతి నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం పెద్దయ్యాక అర్థమైంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బాంబర్ విమానం నడిపేవాడట. ఇంజను తగలబడి ఐర్లండ్‌లో కూలింది. ఆ దేశం ఎవరి పక్షమూ కాదు. అందుకని వచ్చిపడిన ఏ పక్షపు సైనికుణ్ణయినా యుద్ధం ముగిసేదాకా ముళ్ళకంచె లోపల ఉంచేవారు. ఒక్క వెసులుబాటు ఉండేది. సాయంత్రానికి తిరిగొస్తానని పుస్తకంలో సంతకం పెడితే ఊళ్ళోకి పంపేవారు. కంచె దూకి పారిపోతే మగతనం అనేవారు కానీ, సంతకం పెట్టి పారిపోతే అది ద్రోహమే. ఆ పుస్తకం చూసే కాపలాదారు పిల్లలుగల మనిషి. ఇంట్లో కాల్చిన రొట్టె తెచ్చి ఈయనకు పెట్టేవాడు.

ఒకనాడు తమ్ముడు యుద్ధంలో పోయాడని ఈయనకు కబురొచ్చింది. ఆ కసిలో సంతకం పెట్టి, బయటికొచ్చి, రైలు స్టేషన్ దారి పట్టాడు. డ్యూటీ దిగి సైకిలు మీద ఇంటికి పోతున్న కాపలాదారు చూశాడు. అతని దగ్గర తుపాకీ లేదు. కాలరు పట్టుకుని, నిన్ను నమ్మి పంపాను, నా ఉద్యోగం తీయకు అని బతిమాలాడు. అంకుల్ అతని మొహం మీద గుద్దాడు. అతను వదల్లేదు. ఇద్దరూ కాలవ పక్క బురదలో పడి దొర్లారు. అంకుల్ చేతికి రాయి తగిలింది. మొదట చెవి మీద కొట్టాడు. తరువాత నుదుటి మీద. ఎముక విరిగిన చప్పుడు విన్నాడు. అయినా కొట్టాడు.

"ఎన్ని దెబ్బలో గుర్తు లేదు. అతను నన్ను వదిలేశాక కొట్టినవి మాత్రం గుర్తున్నాయి," అన్నాడు.

రైలెక్కి, సరిహద్దు దాటి బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉన్న ఉత్తర ఐర్లండ్ చేరి, మళ్ళీ విమానం నడిపాడు. ఆ మనిషి మూడో రోజున పోయాడని చాలాకాలానికి తెలిసింది. ఆ యుద్ధపు గందరగోళంలో ఈయనను అడిగినవాళ్ళు లేరు.

"మీవాళ్ళ ఒట్టే నిజం, పాపా. మాట తప్పింది నేను. చచ్చింది నా మాట నమ్మినవాడు."

అప్పుడాయన నన్ను తోసుకుని పైకి వెళ్ళిపోవచ్చు. చిన్నపిల్ల వేయించుకున్న ఒట్టును ఏ పెద్దవాడు పట్టించుకుంటాడు? ఆయన మాత్రం వంగని మోకాళ్ళు వంచి నా ముందు కూర్చుని, ఈ మాట నుంచి నన్ను నువ్వే విడిపించాలి, మీలో దానికి దారి ఉందా అని అడిగాడు. ఉందని తెలిసీ నేను మొండికేశాను. వీసా పోతుందన్నాను. దేశం పోతే ఇంకో దేశం ఉంటుంది, రేపు ఈ ఇనుముతో ఒక తల పగిలితే నీకు ఏ దేశమూ మిగలదన్నాడు. అన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. వెక్కుతూనే, నా నెత్తి మీది నుంచి ఏదో తీసినట్టు తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను, అంకుల్."

అప్పుడు గానీ ఆయన మెట్లెక్కలేదు. అమ్మ నా పెదవి చూసి బావురుమంది. "నువ్వు లేకపోయాక మాకు వీసా ఎందుకే, పిచ్చిమొహమా!" మర్నాడు నాన్న సెలవు పెట్టి స్కూలుకు వచ్చాడు. దెబ్బలు ఆగిపోయాయి. వీసాకు ఏమీ కాలేదు. జనవరి వచ్చింది, కంప్యూటర్లకూ ఏమీ కాలేదు.

ఆ రోకలి ఇప్పుడు నా వంటింట్లో ఉంది. మొన్న మా చిన్నది నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. "ప్రామిస్ చెయ్యి అమ్మా, డోంట్ టెల్ డాడ్." ఏదో చిన్న సంగతే అయ్యుంటుంది. అయినా చెయ్యి తీసేశాను. ముందు సంగతి చెప్పు, మాట ఇవ్వగలనో లేదో అప్పుడు చూస్తానన్నాను. అలిగింది. అలగనీ. ఎవరి నెత్తిన చెయ్యి పెట్టినా, నా అరచేతికి నేను ఎన్నడూ చూడని ఆ కాపలాదారు నుదురే తగులుతుంది.