మరియమ్మ మాట కింద నా పేరు

పదిహేనేళ్ళుగా ఒక వాక్యాన్ని మింగలేక, కక్కలేక మోస్తున్నాను. ఆ వాక్యం రాసినందుకే నన్ను సభలకు పిలుస్తారు, శాలువాలు కప్పుతారు. అది నాది కాదు. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను మార్కాపురంలో తత్వశాస్త్రం చెప్పే మాస్టారిని. పెద్దారవీడు దగ్గర మాకు మిరప చేలున్నాయి. పీహెచ్‌డీ చేసే రోజుల్లో, ఒక మధ్యాహ్నం, కాయలు కోసే కూలీలకు నీళ్ళు పోస్తున్నాను. మా ఇంటి పద్ధతి ప్రకారం చెంబు పైకెత్తి, చేతులకు ఆనకుండా, వాళ్ళ దోసిళ్ళలోకి. అప్పుడు నా పరిశోధన దేని మీదనుకున్నారు? అణచివేత మీద! ఆ కూలీల్లో ఒకామె, మరియమ్మ, వంగి తాగి, మూతి తుడుచుకుని అన్నది:

"మీ దప్పిక మీ గొంతులో ఉంటాది నాయనా. మా దప్పిక పోసేటోళ్ళ చేతిలో ఉంటాది. మీ చెయ్యి ఎప్పుడాగితే అప్పుడు మాకు తీరినట్టు."

ఇంటికొచ్చి రాసుకున్నాను. థీసిస్‌లో పెట్టాను, తర్వాత పుస్తకంలో. ఆమె పేరు రాయాలని తోచలేదా? తోచింది. కూలి మనిషి మాటను తత్వం అంటే పెద్దలు నవ్వుతారని భయపడ్డాను. అదీ సాకేనేమో. ఆ మాట నాదనిపించుకోవాలని ఆశపడ్డాను, అంతే.

అక్కడితో ఆగినా బాగుండేది. కొన్నేళ్ళకు మరియమ్మ కూతురు సునీత నా క్లాసులోనే చేరింది. ప్రాజెక్టులో అదే మాట రాసింది. అందరి ముందూ లేపి, నా పుస్తకంలోంచి ఎందుకు ఎత్తి రాశావని అడిగాను.

"మీ పుస్తకం నేను సూడలా సార్. అది మా అమ్మ మాట."

"ఆధారం ఏంది?"

"మా అమ్మ అంటే చాలదా సార్?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, ఎర్రసిరాతో 'కాపీ' అని రాసి కాగితాలు తిరిగిచ్చాను. ఆ పిల్ల మళ్ళీ కాలేజీకి రాలేదు. ఇప్పుడు బేస్తవారిపేటలో బట్టల దుకాణంలో పనిచేస్తోందట. అటు వెళ్ళినప్పుడల్లా బస్సు ఆ ఊరు దాటేదాకా తల వంచుకుని కూర్చుంటాను.

నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. అనుభవమే జ్ఞానానికి పునాది అని ఏటా బోర్డు మీద రాస్తాను. ఎవరి అనుభవం? పడినవాళ్ళు చెబితే ఆధారం అడుగుతాం, పక్కన నిలబడి చూసినవాళ్ళం చెబితే చప్పట్లు. తెలియక చేశానా? కాదు. ఇదంతా తెలిసినవాణ్ణి కాబట్టే అంత నేర్పుగా చేయగలిగాను.

వెళ్ళి కాళ్ళ మీద పడొచ్చుగా అంటారు. పడి ఏమడగను? క్షమ కూడా మళ్ళీ వాళ్ళ దగ్గర్నుంచి తీసుకోవడమేగా.

పుస్తకం మళ్ళీ అచ్చుకు వెళ్తోంది. ప్రూఫులు బల్ల మీదున్నాయి. ఈ ఉదయం ఆ వాక్యం కింద 'మరియమ్మ, పెద్దారవీడు' అని రాశాను. రేపటికి కొట్టేస్తానేమో. నన్ను నేను నమ్మను. అందుకే ముందు మీకు చెప్పేస్తున్నాను. సునీత కాపీ కొట్టలేదు. కొట్టింది నేను.