ఎవరూ మాట్లాడని చోట

నా చిన్నప్పుడు కథను మా పెద్దమ్మంత తప్పుగా చెప్పేవాళ్ళు కువైట్ మొత్తంలో ఉండేవాళ్ళు కారేమో. ఆమె సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పని చేసేది. ఆ ఇంటి అబ్బాయిని పుట్టినప్పటి నుంచీ ఆమే పెంచింది, అందుకే వాడికి మా కడప తెలుగు బాగా అర్థమయ్యేది. బ్రిటన్ వాళ్ళ సీరియల్ ఒకటంటే వాడికి ప్రాణం. ఒక పెట్టెలోకి ఎక్కి కాలాలు దాటి తిరిగే మనిషి కథ అది. వాళ్ళ నాన్న లండన్ నుంచి క్యాసెట్లు తెచ్చేవాడు. ఇంగ్లీషు ముక్క రాని పెద్దమ్మ, బొమ్మ చూస్తూ అందరి మాటలూ తెలుగులో తానే చెప్పేది. ఆమె నోట్లో పడితే ఆ పెద్దమనిషి కూడా మా ఊరి పొలం గట్టు తగాదాలు మాట్లాడేవాడు. అబ్బాయి పడీ పడీ నవ్వేవాడు.

1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక ఆ నవ్వు పోయింది. కుర్రవాళ్ళను పట్టుకుపోతున్నారని వాడిని వంటింటి పక్క స్టోరు గదిలో, బియ్యం బస్తాల వెనక దాచారు. సబ్హాన్‌లో నాన్నా నేనూ ఉండే బస భద్రం కాదని ఆయన నన్ను పెద్దమ్మ దగ్గర దింపాడు. వీధి ఖాళీగా ఉన్నప్పుడు ఆమె క్యాసెట్ పెట్టేది. ఆ సంగీతం వినబడితే బయటికి రావచ్చని వాడికి గుర్తు.

ఒక మధ్యాహ్నం సంగీతం మొదలైందో లేదో, ఇద్దరు సైనికులు గేటు తోసుకుని లోపలికి వచ్చారు. స్టోరు తలుపు గడియ కదలడం నాకు కనిపించింది. పెద్దమ్మ టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా, రోజూ ఆ బొమ్మలకు మాటలు చెప్పినట్టే గొంతెత్తింది.

"తలుపు తీయాకు నాయనా. ఇద్దరొచ్చిండారు. నేను పిలిచిందాకా రావాకు."

గడియ ఆగింది. పెద్ద సైనికుడు వెతకడానికి మేడ ఎక్కాడు. చిన్నవాడు టీవీ దగ్గరే నిలబడిపోయాడు. చిన్నప్పుడు బస్రాలో ఇంటిల్లిపాదీ ఇదే చూసేవాళ్ళమని అరబీలో చెప్పాడు. అతని ముఖం చూసి నాకు ధైర్యం వచ్చింది. తెర మీద ఆ మనిషి ఖాళీ నడవలో ఒంటరిగా నడుస్తున్నాడు. పెద్దమ్మ మాత్రం ఇంకా చెబుతూనే ఉంది.

"ఖాలా, ఇక్కడ ఎవరూ మాట్లాడరు కదా" అన్నాడతను తెర చూపిస్తూ మెల్లగా. ఖాలా అంటే వాళ్ళ భాషలో పిన్ని.

నా చేతిలో ఉన్న పెద్దమ్మ చెయ్యి చల్లబడిపోయింది. అతను స్టోరు తలుపు వైపు చూశాడు. తర్వాత వంగి టీవీ సౌండు పెంచాడు. మేడ దిగి వస్తున్నవాడితో "ఖలాస్, యల్లా", ఇక అయిపోయింది పద, అని బయటికి నడిచాడు.

కథ అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! కొన్నాళ్ళకు ఇంటావిడకు, అంటే అబ్బాయి తల్లికి, షుగరు మందులు అయిపోయాయి. వద్దని పెద్దమ్మ కాళ్ళావేళ్ళా పడినా వినకుండా అబ్బాయి మందుల కోసం వెళ్ళాడు. తిరిగి రాలేదు. సైన్యం వెళ్ళిపోయాక కూడా రాలేదు.

మేము ఊరికి బయలుదేరినప్పుడు పెద్దమ్మ మాతో రానంది. "నేను పిలిచిందాకా రావాకని చెప్పినా గదా. నేను పోతే వాణ్ణి పిలిచేదెవురు?" అంది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం క్యాసెట్ పెట్టి కూర్చునేదట.

భయంతో చెయ్యి చల్లబడినా గొంతు తడబడకుండా ఉండవచ్చని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. సైనికుడి బట్టల్లో కూడా మేము చూసిన కథే చూసి పెరిగినవాడు ఉండవచ్చని ఆ రోజే తెలిసింది. ఆ రెండూ కలిసినా ఒక్క ప్రాణాన్ని నిలపలేకపోయాయన్న దుఃఖం ఇంకా తీరలేదు.

ఆ సీరియల్ ఇప్పటికీ వస్తోంది. మా అమ్మాయి ఫోనులో చూస్తుంటుంది. తెర మీద ఎవరూ మాట్లాడని చోటు వస్తే నేను ఊరుకోలేను. "వచ్చేయ్ నాయనా, వాళ్ళు పోయినారు" అంటాను.