ఎద్దులింకా పొలానికే పోలేదు

కోయంబత్తూరులో మా మేనత్త ఉండే వీధి చివర మూతబడిన నూలు మిల్లు ఒకటి ఉంది. మిల్లు పోయాక దాని పత్తి గోదామును నాటకాలవాళ్ళు అద్దెకు తీసుకున్నారు. వాళ్ళ వెనకే బొమ్మలు వేసేవాళ్ళు, కుండలు చేయడం నేర్పే ఒక జంట, కాగితం గుజ్జుతో ఇంతింత తలకాయలు చేసే ఒకాయన వచ్చి చేరారు. పొద్దున్నే ఇడ్లీ ఆవిరి, వార్నిష్ వాసన కలిసే వస్తాయి. బట్టల కంపెనీకి లేబుళ్ళు గీసే ఉద్యోగం దొరికి, నేను అత్త ఇంటి మేడమీద గదిలో నాలుగేళ్ళున్నాను. ఆ వీధి మనిషినని చెప్పుకోవడం నాకు గొప్పగా ఉండేది.

మాది కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు ముప్పై దాటాక ఫోన్లో చూసి నేర్చుకున్నాను. డెబ్బై దాటిన అత్తకు అవి ఇప్పటికీ రావు, చదవడం తమిళంలోనే. కానీ ఆమె కథ మొదలుపెడితే పాలు పొంగిపోయినా ఎవరూ లేవరు.

ఒక ఏడు నాటకాలవాళ్ళు వీధిలోని పెద్దవాళ్ళ చేత కథలు చెప్పించాలనుకున్నారు. నెలకో ఆదివారం సాయంత్రం, గోదాములో. అత్త పేరు చెప్పింది నేనే. వాళ్ళ డైరెక్టరు, ముప్పై ఏళ్ళ మనిషి, ఇంటికొచ్చి అత్తను పాట్టీ, అంటే అవ్వా, అని పిలిచి తమిళంలో మర్యాదగానే అడిగాడు.

"పది నిమిషాలు చాలు పాట్టీ. తమిళంలో చెబితే అందరికీ తెలుస్తుంది. చేతిలో ఒక చాట పట్టుకుని కూర్చుంటే ఫోటోకి బాగుంటుంది."

అత్త అతనికి కాఫీ ఇచ్చి, నా వైపు తిరిగి మా మాటలో అంది. "చాట ఏలనంట? నేను బియ్యం చెరిగి ఇరవై ఏండ్లాయె. ప్యాకెట్లోనే కదా వస్తా ఉండాది."

నేను నవ్వేసి, అతనితో మాత్రం సరేనన్నాను. మరునాడు కూర్చుని ఆమె కథను తమిళంలో మూడు పేజీలకు కుదించి రాశాను. కథ వాళ్ళమ్మది, అంటే మా నాయనమ్మది. మగవాళ్ళు తగవులో పడి పొలం బీడు పెడితే, ఆమె తానే నాగలి కట్టి దున్నింది. ఆడది నాగలి పడితే వాన రాదని ఊరంతా అడ్డం నిలబడినా ఆగలేదు.

అత్త కళ్ళజోడు పెట్టుకుని మూడు పేజీలూ చదివింది.

"ఇందులో మా అమ్మ లేదే కణ్ణూ."

"ఉంది కదత్తా, మొదట్లోనే."

"ఈమె ఎవురో శానా మంచిది. మా అమ్మ తిట్టేది."

"మన తెలుగులో చెబితే నవ్వుతారత్తా," అన్నాను.

ఆమె కాగితాలు కింద పెట్టింది. "నిన్ను ఎవురు నవ్వినారు?"

ఆఫీసు పని మీద హైదరాబాదు పోయినప్పుడు, నేను రెండు మాటలు మాట్లాడగానే పక్క సీటావిడ "ఇదేం భాషండీ?" అని అడిగింది. ఆ మూడు రోజులూ నేను ఇంగ్లీషులోనే గడిపాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అత్తకు ఎలా తెలిసిందో తెలియదు.

ఆదివారం గోదాము నిండింది. అత్త మామూలు నూలు చీరలో వచ్చి, చాట పక్కకు నెట్టి కుర్చీలో కూర్చుంది. మా తెలుగులోనే మొదలుపెట్టింది. నేను పక్కన నిలబడి వాక్యం వాక్యం తమిళంలోకి మార్చసాగాను. వాళ్ళమ్మ ఊరిపెద్దను తిట్టిన తిట్టు దగ్గర నేను నసిగాను. ముందు వరుసలో కూర్చున్న పక్కింటి టైలరు, నలభై ఏళ్ళుగా అత్తకు పొరుగు, తమిళాయన, చెయ్యెత్తాడు.

"నువ్వు ఆగమ్మా. నాకు తెలుస్తోంది. అక్కను చెప్పనీ."

నేను ఆగిపోయాను. వెనక కొందరు లేచి వెళ్ళారు. పది నిమిషాలు దాటగానే డైరెక్టరు గడియారం చూపించాడు.

"కూర్చో తంబీ," అంది అత్త. "ఎద్దులింకా పొలానికే పోలేదు."

జనం నవ్వారు. అతను కూర్చున్నాడు. అత్త ముప్పావు గంట చెప్పింది. చివర ఎవరో అడిగారు, మరి ఆ ఏడు వాన వచ్చిందా అని.

"రాలేదు," అంది అత్త. "మగోళ్ళు దున్నిన చేలల్లో కూడా రాలేదు."

మరుసటి నెల పోస్టరులో ఆమె లేదు. డైరెక్టరు దారిలో కనిపించి, కార్యక్రమానికి ఒక పద్ధతి ఉండాలని నాతో అన్నాడు. నేను తలూపకుండా వచ్చేశాను. ఆ ఆదివారం నాలుగింటికి అత్త ఇంటి ముందు తిన్నె మీద చాప పరిచి కూర్చుంది. టైలరు వచ్చాడు, కుండల జంట వచ్చింది, నేనున్నాను. అంతే. మూడో వారానికి వచ్చినవాళ్ళ చెప్పులు వీధిలోకి పాకాయి.

ఇప్పుడు నా ఉద్యోగం మదురైలో. నెలకొకసారి ఆరపాళయం బస్టాండులో బస్సెక్కి, నాలుగింటికల్లా ఆ తిన్నె దగ్గరికి చేరుకుంటాను. అత్త కథలను ఆమె మాటల్లోనే తెలుగు లిపిలో రాస్తున్నాను. మొదటిది ఒక పత్రికకు పంపాను. "ఉండాది" అని ఉన్నచోటల్లా "ఉంది" అని దిద్దితే వేసుకుంటామని వాళ్ళు రాశారు.

దిద్దేట్టయితే వేసుకోవద్దని తిరిగి రాశాను. ఇంకా జవాబు రాలేదు. నేను రెండో కథలో సగానికి వచ్చాను.