నూరు దాకా లెక్కపెట్టు

ఇవాళ సాయంత్రం ఇక్కడ బహ్రెయిన్‌లో పాపను బండిలో తోసుకుంటూ మహూజ్‌లో మా వీధి చివర మాంసం కొట్టు ముందు నుంచి వస్తుంటే కత్తి నూరే చప్పుడు వినిపించింది. ఇనుప కడ్డీ మీద ఒక పక్క మూడుసార్లు, రెండో పక్క మూడుసార్లు, కాస్త ఆగి మళ్ళీ మూడుసార్లు. కొట్టతను తలెత్తి "క్యా చాహియే, సిస్టర్?" అన్నాడు. లోపలి చల్లగాలితో పాటు బయటికొస్తున్న పచ్చిమాంసం వాసనలో అక్కడే నిలబడిపోయాను. పాప కాళ్ళు తన్నుకుని గొడవ చేస్తే తప్ప కదల్లేదు. ఇంటికొచ్చి, తనకు నాలుగు ముద్దలు తినిపించి, నిద్రపుచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. మొయిన్ చాచా గురించి నేనెవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆయనకు కూడా సగమే తెలుసు.

నాకు అప్పటికింకా పెళ్ళి కాలేదు. డిగ్రీ అయ్యాక బహ్రెయిన్‌లో మా అన్న దగ్గరికి వచ్చి ఉద్యోగం వెతుక్కుంటుంటే, వేట యాత్రలు ఏర్పాటు చేసే చిన్న ఆఫీసులో పని దొరికింది. ఇక్కడి షావుకార్లను నమీబియా ఎడారికి తీసుకెళ్ళి, అక్కడి గైడుతో పెద్ద జంతువుల వేట ఆడించి, కొమ్ములూ చర్మాలూ కాగితాలతో సహా తిరిగి ఇల్లు చేర్చడం ఆ ఆఫీసు పని. అందులో కాగితాల పని నాది. మొదటిరోజు నా కుర్చీకి ఎదురుగా గోడ మీద ఒక ఓరిక్స్ తల ఉంది. గుర్రమంత ఉండే జింక అది. తెల్లటి ముఖం మీద నల్లచారలు, నా చేతికంటే పొడుగ్గా నిటారుగా రెండు కొమ్ములు. దాని చూపు తప్పించుకోవాలని కుర్చీ అటూ ఇటూ జరుపుతుంటే తలుపు దగ్గర ఎవరో నవ్వారు.

"ఎటు జరిగినా అది నిన్నే చూస్తది బిడ్డా. గాజు కండ్లు. నా కండ్ల కంటే నయం, తుడిస్తే మెరుస్తయి. ఏ ఊరు మనది?"

"కోరుట్ల."

"అరె! మాది మెట్‌పల్లి. అడ్డం దుంకితే మీ ఊరే. ఇగ నాకు చాయ్ పోసే మనిషి దొరికింది."

"చాయ్ పోసేందుకు రాలేదు నేను. కాగితాలు రాసేందుకు వచ్చిన."

"అబ్బో, కోరుట్లోళ్ళ నోరు ఇంకట్లనే ఉన్నది," అని ఆయనే వెళ్ళి రెండు గ్లాసుల చాయ్ తెచ్చాడు.

ఆయనే మొయినుద్దీన్ చాచా. ఆయన పని కత్తిది. వేటగాడు దేవుడి పేరు చెప్పి కాలుస్తాడు. కానీ పడిన జంతువు ఇంకా బతికుంటే, ఆ పేరు మళ్ళీ చెప్పి గొంతు కోస్తే తప్ప ఆ మాంసం తినకూడదు. అందుకని మా ఆఫీసు ప్రతి గుంపుతోనూ ఆయన్ను పంపేది. మెట్‌పల్లిలో వాళ్ళ నాయన కసాయి. చాచా ఇరవై ఏళ్ళప్పుడు ఇక్కడికి వచ్చాడు. ఊళ్ళో వాళ్ళంతా "మొయిన్ దుబాయిల ఉన్నడు" అంటారని, ఇన్నేళ్ళయినా తాను దుబాయి ముఖం చూడలేదని నవ్వేవాడు.

ఒక శుక్రవారం అన్నా నేనూ గలాలీలో ఆయన గదికి భోజనానికి వెళ్ళాం. ఇంకో ముగ్గురితో కలిసి ఉండే గది. బిర్యానీ దమ్ము మీద ఉండగా ఆయన కత్తి తీసి నూరుతూ కూర్చున్నాడు. కిటికీ అవతల ఎవరివో మేకలు అరిచాయి. వెంటనే కత్తి మీద తువ్వాలు కప్పాడు.

"వాటికి వినిపియ్యద్దు. దాని ముందట నూరద్దు, దానికి కత్తి చూపియ్యద్దు, ఒకదాని ముందట ఇంకొకదాన్ని కొయ్యద్దు."

"తుపాకీతో కాల్చినంక ఇవన్నీ ఎందుకు చాచా?" అన్నాను. అప్పుడు నాకు అన్నింటికీ జవాబులు ఉండే వయసు.

ఆయనకు కోపం రాలేదు. "కాల్చెటోడు దూరంకెళ్ళి కాలుస్తడు. దగ్గరికి పోయెటోన్ని నేను. దాని మొఖం చూసెటోన్ని నేను," అన్నాడు.

నాకు చూడడం నేర్పింది ఆయనే. మొదటి రెండు ప్రయాణాల్లో నేను ఎర్రటి ఇసుకా, ముళ్ళచెట్లూ, వాటి పైన ఎండ తప్ప ఏమీ చూడలేదు. పడిన ప్రతి జంతువుకూ అక్కడికక్కడే ట్యాగు కట్టి, వేళ రాసి, ఫోటో తియ్యాలి. అందుకని గుంపు వెంట నడిచేదాన్ని. చాచా నన్ను పక్కన నడిపించుకుంటూ నేల చూపించేవాడు. గులాబీ రంగు నురగ కనిపిస్తే గుండు ఊపిరితిత్తికి తగిలిందని, జంతువు దగ్గరలోనే పడి ఉంటుందని. నల్లగా ఉండి, అందులో నమిలిన గడ్డి నలుసులు కనిపిస్తే పొట్టకు తగిలిందని, అది చాలా దూరం పోతుందని, చాలాసేపు చావదని. "అట్లాంటిది దొరికినప్పుడు జర తొందరపడకు," అనేవాడు. "పడ్డదంటే సచ్చినట్టు కాదు. పక్కటెముకల ఎనుక పొట్ట మీద కన్ను పెట్టు. నూరు దాక లెక్కపెట్టు. నూరు లోపల ఒక్కసారన్న ఊపిరి తీస్తది. తీసిందా, బతికున్నట్టే. ఎనుకనుంచి పోవాలె, కొమ్ములు పట్టెటోడు తోడు ఉండాలె. నూరైనా కదల్లేదా, అప్పుడు ముందునుంచి పోవచ్చు."

ఆయన గ్లాసులో కాకుండా పక్కన బల్ల మీద చాయ్ పోయడం నేను చూశాను. ఒకసారి కాదు. మొదట నవ్వులాటకు తీసుకున్నాను. తర్వాత ఒకరోజు గోడ మీది క్యాలెండరు మీద ముక్కు ఆనించి తేదీ వెతుక్కుంటుంటే కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. చక్కెర జబ్బు రెండు కళ్ళనూ లోపలి నుంచి తినేసిందట. ఉన్న చూపు నిలబెట్టడానికి సూదులు వెయ్యొచ్చు, పోయింది మాత్రం తిరిగి రాదన్నాడు డాక్టరు. బయటికొచ్చాక ఆసుపత్రి మెట్ల మీద చాచా చాలాసేపు కూర్చున్నాడు.

"కఫీల్‌కు చెప్పకు బిడ్డా," అన్నాడు. కఫీల్ అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని.

"చెప్పక ఎట్ల చాచా? కత్తి పని గద."

"చెప్తే వీసా ఖలాస్. ఈ సూదులు మెట్‌పల్లిల ఎవరేస్తరు? ఆడ అరుగు మీద కూసుంటే ఏమైతది? దుబాయికెళ్ళి గుడ్డోడు వచ్చిండంటరు." మళ్ళీ తనే అన్నాడు. "బైనాక్యులర్ నీ మెడలనే ఉంటది గద. నువ్వు చూడు, నేను కోస్త. సూదులయ్యే దాక. రెండు ట్రిప్పులంతె."

సరేనన్నాను. భయపడుతూనే అన్నాను గానీ, లోపల గర్వపడ్డాను కూడా. ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని. అప్పటిదాకా నన్నెవరూ ఏదీ నమ్మి అప్పగించలేదు. ముప్పై ఏళ్ళు కత్తి పట్టిన మనిషి తన కళ్ళు నాకు అప్పగించాడు. ఆ తర్వాతి ప్రయాణంలో నేను చూశాను, ఆయన కోశాడు. అయిదు జంతువులు. ఎవరికీ అనుమానం రాలేదు. తిరుగు విమానంలో ఆయన నా చెవి దగ్గర "కోరుట్ల కండ్లు గట్టియి," అన్నాడు. ఆ మాట చాలా రోజులు తలుచుకుని తలుచుకుని మురిసిపోయాను.

చాచా అడిగిన రెండు ట్రిప్పుల్లో రెండోదానికి వచ్చింది ఒక పెద్దవయసు షావుకారు. చెడ్డవాడేమీ కాదు, తొందర మనిషి. మూడు రోజులు ఏమీ దొరక్క చికాకు మీదున్నాడు. నాలుగోరోజు మధ్యాహ్నం దూరంగా గుట్ట మొదట్లో నిలబడ్డ ఓరిక్స్‌ను కాల్చాడు. అది ముందుకు వంగి, నడుం ముడుచుకుని, తర్వాత పరుగెత్తింది. గైడు హెండ్రిక్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. నెత్తుటి చుక్కలు దొరికాక చాచా వంగి వేలితో అద్ది నా ముందు పట్టాడు. నల్లగా ఉంది. అందులో పచ్చటి నలుసులు.

"ఒక గంట ఆగాలి," అన్నాడు హెండ్రిక్. ఆగాం. షావుకారు గడియారం చూసుకుంటూ జీపు చుట్టూ తిరిగాడు. తర్వాత రెండు గంటలు దాని జాడ పట్టుకుని నడిచాం. చివరికి ఒక ముళ్ళచెట్టు నీడలో పక్కకు ఒరిగి పడి ఉంది. తల మా వైపు, మెడ ఇసుక మీద చాచి. నలభై అడుగుల దూరంలో ఆగాం. హెండ్రిక్ తుపాకీ ఎత్తాడు. షావుకారు దాని గొట్టం మీద చెయ్యి పెట్టి కిందికి దించాడు. ఇంకో గుండు వద్దు, చర్మం పాడవుతుంది, కత్తితోనే కానివ్వమన్నాడు. హెండ్రిక్ చాచా వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా కలిసి తిరిగినవాళ్ళు. చాచా తల ఊపితే ఆయనకు చాలు.

చాచా నా వైపు తిరిగాడు. "పొట్ట చూడు బిడ్డా."

చూశాను. వేడికి గాలి అల్లల్లాడుతోంది, బైనాక్యులర్‌లో అంతా నీళ్ళ కింద ఉన్నట్టుంది. పక్కటెముకల వెనక చోటు వెతికి పట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు. కదలడం లేదు. ఇరవై. వెనక నుంచి షావుకారు "యల్లా, యల్లా, పొద్దు పోతోంది," అన్నాడు. చెమట కంట్లోకి దిగింది. తుడుచుకున్నాను. మళ్ళీ చోటు పట్టుకున్నాను. ముప్పై. "యల్లా, యా బింత్!" ఈసారి గట్టిగా, ఓ పిల్లా అని నన్నే. నలభై.

"లేదు చాచా," అన్నాను.

"నూరైందా?"

"అయింది."

ఆయన ఇంకో ప్రశ్న వెయ్యలేదు. తువ్వాలులోంచి కత్తి తీసి, శరీరం చాటున దాచిపెట్టి, ముందునుంచి నడిచాడు. నేను ట్యాగు తీద్దామని సంచీలోకి చూశాను. చాచా "బిస్మిల్లా" అనడం వినిపించింది. మిగతా మాట రాలేదు. నేను తలెత్తేసరికి ఆ తల లేచి ఉంది. ఒక్కసారి పక్కకు విసిరింది, కొమ్ము చాచా పొట్టలో దిగింది. హెండ్రిక్ తుపాకీ పేలింది. చాచా పక్కనే అదీ పడి ఉంది.

దగ్గరి ఊరు నాలుగు గంటల దారి. జీపు వెనక చాచా తల షావుకారు ఒళ్ళో ఉంది. ఆయన తెల్లటి తలగుడ్డ విప్పి చాచా పొట్టకు అదిమిపట్టి దారంతా ఏడుస్తూ దువా చదువుతూనే ఉన్నాడు. నేను చాచా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను. అబద్ధం చెప్పానని చెప్పాలనుకున్నాను. సగం దారిలో ఆయన కళ్ళు తెరిచాడు, నేనున్న వైపు కాదు, ఇంకెటో చూస్తూ అడిగాడు.

"దాన్ని కోసిన్రా?"

హెండ్రిక్ దాన్ని తుపాకీతో చంపాడు. కత్తి ఇసుకలోనే ఉండిపోయింది.

"కోసిన్రు చాచా."

"పేరు చెప్పి?"

"చెప్పి."

"మంచిది," అన్నాడు. ఊరు ఇంకా కనబడకముందే చేతిలో చెయ్యి బరువెక్కింది. నేను ఆయన పొట్ట మీద చూపు పెట్టి లెక్కపెట్టాను. ఈసారి నూరు దాకా. తర్వాత ఇంకో నూరు.

బహ్రెయిన్ వచ్చాక మెట్‌పల్లిలో ఆయన భార్యకు ఫోన్ చేసింది నేనే. చాచీ అరవలేదు. "ఎట్లయింది బిడ్డా? ఆయనకు జంతువులు కొత్త గావు గద," అంది. ప్రమాదం చాచీ, అన్నాను. కళ్ళ సంగతి ఆమెకు తెలియదు. చాచా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. కఫీల్‌కు చెప్పి ఉంటే ఆయన ఈపాటికి అరుగు మీద కూర్చుని, కనిపించని వాళ్ళను గొంతు బట్టి పోల్చుకుంటూ, నాలాంటి వాళ్ళను ఆటపట్టిస్తూ ఉండేవాడు. ఎవరో ఒకరు గుడ్డోడు అనేవారు. అంటే అననీ. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఆ నమ్మకంలో నా గర్వం ఎంత కలిసిందో ఇప్పుడు తెలుస్తోంది.

నెల తిరక్కుండా ఆ ఉద్యోగం మానేశాను. తర్వాత పెళ్ళయింది, పాప పుట్టింది. ఆసుపత్రిలో మొదటిసారి పక్కన పడుకోబెట్టినప్పుడు అందరూ ముఖం ఎవరి పోలికో చూశారు. నేను పక్కటెముకల కింద చూశాను. పాపకు పద్నాలుగు నెలలు నిండాయి, ఇప్పటికీ అదే పని. మా ఆయన అస్కర్‌లోని ఫ్యాక్టరీ నుంచి షిఫ్టు దిగి వచ్చేసరికి నేను ఊయల దగ్గర నిలబడి పెదాలు కదుపుతూ ఉంటాను. "దండకం చదువుతున్నవా?" అని నవ్వేవాడు మొదట్లో. ఇప్పుడు నవ్వడం లేదు. "ఒకసారి డాక్టర్‌కు చూపిచ్చుకుందాం," అంటున్నాడు. చూపించుకుంటాను. కానీ డాక్టరు దగ్గర కూడా ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియదు.

చాచీ పండక్కీ పబ్బానికీ ఫోన్ చేస్తుంది. మొన్న వీడియోలో పాపను చూసి, "ఆయన ఉంటే కింద దించకుండ ఎత్తుకొని తిరిగెటోడు," అంది. ఆమెకు నిజం చెప్పాలి. ఆ మనిషి ఏమరుపాటుతో చావలేదని, ఆయన అడగాల్సింది అడిగాడని, తప్పు మాట నాదని. చెబుదామని మొదలుపెడతాను. యోగక్షేమాలు అయ్యాక, పాప సంగతులు అయ్యాక, గొంతు సవరించుకుంటాను. ప్రతిసారీ నలభై దగ్గరే ఆగిపోతున్నాను.

పాప కదిలింది. రాయడం ఆపి వెళ్ళి చూశాను. పక్కకు తిరిగి పడుకుంది, చొక్కా పైకి జరిగింది. పొట్ట మీద చూపు పెట్టి ఒకటి నుంచి మొదలుపెట్టాను. నాలుగు దగ్గరే ఊపిరి తీసింది. అయినా నూరు దాకా లెక్కపెట్టాను.