బుధవారం రైలు లేటు

మా ఇంట్లో ట్యుటోరియల్ అనే మాటకు ఒకటే అర్థం ఉండేది. ధర్మవరంలో మా మేనమామ కొడుకు పదో తరగతి తప్పి, పట్టుచీరల అంగడి మీది మిద్దెలో నడిచే ట్యుటోరియల్‌లో చేరాడు. మళ్ళీ తప్పాడు, మళ్ళీ అక్కడే చేరాడు. దాంతో మా బంధువుల్లో ఎవరి పిల్లల చదువు అటకెక్కినా "ట్యుటోరియల్ పాలైనాడు" అనడం అలవాటైపోయింది. పాసైనవాళ్ళకు కాలేజీ, తప్పినవాళ్ళకు ట్యుటోరియల్. ఇందులో అడగడానికేముందని నేనూ అనుకునేదాన్ని.

అందుకే డెబ్బైల చివర్లో హిందూపురంలో బి.ఏ.లో చేరినప్పుడు, నోటీసు బోర్డు మీద బుధవారం ఆఖరి గంట తర్వాత 'ఎకనామిక్స్ ట్యుటోరియల్' అని కనిపించేసరికి నా గుండె జారిపోయింది. పరీక్షలే జరగలేదు, అప్పుడే తప్పిందెవరు? కింద నా పేరుందేమోనని వెతికాను. ఎవరి పేరూ లేదు.

నా భయానికి కారణం మా అవ్వ. మాది పెనుకొండ, దూదేకులవాళ్ళం. నాయన దూది ఏకి పరుపులూ దిండ్లూ కుట్టేవాడు. మా ఇంట్లో హైస్కూలు దాటింది నేనే మొదలు. ఊళ్ళోనే ఇంటర్ అయ్యాక హిందూపురం కాలేజీ మాట వచ్చినప్పుడు నాయన సరే అన్నాడు. అమ్మ నాయన ముఖం చూసింది. అవ్వ మాత్రం వక్క నములుతూ ఒక షరతు పెట్టింది.

"పోనీలేరా, సదువుకోనీ. ఒక్క పరీచ్చ తప్పినా ఇంట్లో కూసోవాల. ధర్మవరం యవ్వారం ఈ ఇంట్లో నాకొద్దు."

అవ్వ మాటకు మా ఇంట్లో తిరుగులేదు. నాయన కూడా ఆమె ముందు గొంతు తగ్గించే మాట్లాడేవాడు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏదైనా కంటపడితే అది అలా ఎందుకుందో తెలిసేదాకా అన్నం సయించదు. అమ్మ నన్ను ప్రశ్నల పుట్ట అనేది. అలాంటిదాన్ని కాలేజీలో నోరు పెగలక కూర్చున్నాను. పాఠాలన్నీ ఇంగ్లీషులో. ఎకనామిక్స్ లెక్చరర్ మద్రాసులో చదివి వచ్చినవాడు. గబగబా చెప్పుకుపోయి చివర్లో "ఎనీ డౌట్స్?" అనేవాడు. ముందు బెంచీల్లోని కాన్వెంటు పిల్లలు ఏవో అడిగేవాళ్ళు. వెనక కూర్చున్న మాకు డౌటు ఎక్కడ మొదలైందో తెలిస్తే కదా అడగడానికి.

ఆయన వారం రోజులు 'ఎలాస్టిసిటీ ఆఫ్ డిమాండ్' అని చెప్పాడు. నాకు తెలిసిన ఎలాస్టిక్ నిక్కర్లకు వేసేదొకటే. నిక్కర్ల ఎలాస్టిక్‌కు గిరాకీ ఉంటే ఉండనీ, దాని గురించి బి.ఏ. వాళ్ళెందుకు చదవాలి? పక్కన కూర్చునే స్నేహితురాలిని అడిగాను. ఆమె బత్తలపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది, వాళ్ళింట్లోనూ కాలేజీ ముఖం చూసింది ఆమె ఒక్కతే. "బెంగళూరు మిల్లుల్లో జాస్తి తయారవుతాదేమో" అంది గంభీరంగా.

బుధవారం ఆఖరి గంట కొట్టగానే మేమంతా పరుగో పరుగు. ఊళ్ళకు పోయేవాళ్ళం రైలుకు, మిగిలినవాళ్ళు హాస్టలుకు. ముందు బెంచీలవాళ్ళూ ఆగేవాళ్ళు కాదు, వాళ్ళకు ఇంటి దగ్గరే చెప్పేవాళ్ళున్నారు. ఒక బుధవారం సైకిల్ స్టాండు పక్కగా పోతూ కిటికీలోంచి చూస్తే, ఖాళీ గదిలో లెక్చరర్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చేతిలో సుద్దముక్క, చూపు తలుపు మీద. మరుసటి బుధవారం చూస్తే అదే వరస. ఈయన ఎవరికోసం కాచుకున్నాడు? రైల్లో ఉన్నా, ఇంట్లో దిండ్లకు దూది కూరుతున్నా నాకు అదే ఆలోచన. ఆ తర్వాతి బుధవారం ఇక ఆగలేకపోయాను. రైలు పోతే బస్సుందిలే అనుకుని, స్నేహితురాలి చెయ్యి పట్టి లాక్కుపోయి గుమ్మంలో నిలబడ్డాను.

"సార్, మీరు ఈడ ఎవరికోసం కూసుంటాండారు?"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "మీ కోసమేనమ్మా."

"మేమింకా తప్పలేదు గదా సార్."

ఆయనకు అర్థం కాలేదు. ధర్మవరం మిద్దె సంగతంతా చెప్పాను. మొదట పెద్దగా నవ్వాడు, తర్వాత నవ్వు మానేసి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన చదివిన కాలేజీలో ట్యుటోరియల్ అంటే కొద్దిమంది విద్యార్థులు మేష్టారి చుట్టూ చేరి తీరిగ్గా మాట్లాడుకునే గంటట.

"మా నాన్న వేలిముద్ర మనిషమ్మా. ఆ గంట లేకపోతే నేను గట్టెక్కేవాణ్ణి కాదు. అందుకే ప్రిన్సిపాల్‌ని బతిమాలి ఇక్కడ పెట్టించాను. ఎవరూ రాకపోయేసరికి మీకు నేనంటే గిట్టదేమో అనుకున్నాను." సుద్దముక్క బల్ల మీద పెట్టి, "రాక రాక వచ్చారు, ఏదైనా అడగండి" అన్నాడు.

నేను నిక్కర్ల ఎలాస్టిక్ సంగతి అడిగేశాను. ఆయన నవ్వలేదు. మీ నాన్న ఏం చేస్తారని ఎదురు ప్రశ్న వేశాడు.

"పరుపులు కుడతాడు సార్."

"దూది ధర పెరిగి ఆయన పరుపు రేటు పెంచితే జనం కొంటారా?"

"యాడ కొంటారు సార్. పాత పరుపులే ఎండకేసుకుంటారు."

"ఉప్పు ధర పెరిగితే?"

"ఉప్పు కొనక తప్పుతాదా సార్? కూడు ఎట్ల దిగుతాది?"

"అదేనమ్మా. పరుపుల గిరాకీ ధరను బట్టి సాగుతుంది, ముడుచుకుంటుంది. ఉప్పు గిరాకీ పెద్దగా కదలదు. దానికే అంత పేరు."

పుట్టినప్పటి నుంచీ మా వాకిట్లో జరుగుతున్నదే అంత లావు పుస్తకంలో ఉందా? ఇంకా ఏమేమున్నాయో అని ఆ రోజు బస్సులో దారి పొడుగునా పుస్తకం తిరగేస్తూనే వచ్చాను.

తర్వాతి వారాల్లోనూ వెళ్ళాను. ఇంట్లో క్లాసుందని మాత్రం చెప్పాను, ఏ క్లాసో చెప్పలేదు. రోజూ మా రైల్లోనే వచ్చే వేరుశనగ వ్యాపారి ఒకాయన దిండ్లు తీసుకుపోవడానికి మా ఇంటికొచ్చి, "ఏమప్పా, మీ పాప ట్యుటోరియల్‌లో కూసుంటాదంటనే, పిల్లోళ్ళు రైల్లో అనుకుంటాండిరి" అనేశాడు. అదృష్టం కొద్దీ అవ్వ అప్పుడు పక్కింట్లో ఉంది.

దూదేకే విల్లు మోత ఆగిపోయింది. వ్యాపారి వెళ్ళాక నాయన నన్ను పిలిచాడు. ఆయన కనురెప్పల మీద కూడా దూది ఉంది.

"తప్పినావా పాపా?"

"లేదు నాయనా. ఇంకా పరీచ్చలే రాలేదు."

"మల్ల ఆడికెందుకు?"

"అర్థం కానివి అడిగేదానికి."

"అడిగితే చెప్తాడా?"

"చెప్తాడు నాయనా."

"అందరూ నవ్వరా?"

నాయన చిన్నప్పుడు బడిలో ఏదో అడిగితే తరగతంతా నవ్విందట. మర్నాటి నుంచి బడి మానేసి తాత వెంట విల్లు పట్టాడట. ఏం అడిగాడో ఆయనకే గుర్తులేదు, ఆ నవ్వు మాత్రం గుర్తుంది. ఇదంతా ఆ రోజే మొదటిసారి చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ నవ్వరని చెప్పాను. ఆయన పొమ్మనలేదు, వద్దనలేదు, మళ్ళీ విల్లు అందుకున్నాడు.

ఆ బుధవారం బస్సు దిగి దీపాలు పెట్టే వేళకు బిక్కుబిక్కుమంటూ ఇల్లు చేరాను. అమ్మ నన్ను వంటింట్లోకి లాగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని జరిగింది చెప్పింది. పాప ఇంకా రాలేదేమిరా అని అవ్వ అడిగిందట.

"రైలు లేటంటమ్మా" అన్నాడట నాయన.

"కూత ఇనపడె గదరా ఇంతకుముందే."

"అది గూడ్సు బండి."

మా వీధిలో పసిపిల్లలకు కూడా గూడ్సు కూత వేరు, ప్యాసింజరు కూత వేరని తెలుసు. కొండకు తగిలి మరీ వినిపిస్తుంది. ట్యుటోరియల్ అనే మాట అవ్వ చెవిన పడితే నా చదువు అంతటితో సరి అని నాయనకు తెలుసు. అందుకే ఆమె ముందు ఎన్నడూ నోరెత్తనివాడు ప్రతి బుధవారం ఆ కూత విని కూడా అదే మాట అన్నాడు. ఆ రోజుల్లో నాయన మీద నాకు కలిగినంత ప్రేమ ఆ తర్వాత ఎవరి మీదా కలగలేదు.

ఈ ముచ్చట స్నేహితురాలికి చెప్పాను. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. హాస్టలంతా పాకి లెక్చరర్ దాకా పోయింది. ఆయన బోర్డు మీద ట్యుటోరియల్ అనే మాట కొట్టేయించాడు గానీ, దాని బదులు ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాడు. పేరు పిల్లలే పెట్టుకున్నారు. "ఈపొద్దు రైలు లేటా?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. లేటంటే క్లాసుందని. నల్లమాడ, చెన్నేకొత్తపల్లి వైపు నుంచి వచ్చిన పిల్లలు కూడా చేరారు. బెంచీలు చాలక కొందరు కిటికీ గట్టు మీద కూర్చునేవాళ్ళు. బోర్డు మీద ట్యుటోరియల్ అన్న మాట చూసి భయపడాల్సిన పని ఇక ఎవరికీ లేకపోయింది.

ఆ ఏడు నేను అన్నీ పాసయ్యాను. అవ్వ ఊఁ అని ఊరుకుంది.

రెండో ఏట ఒకసారి ఇంజను చెడిపోయి ప్యాసింజరు నిజంగానే దారిలో నిలిచిపోయింది. ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. నాయన పరుపులు అప్పగించడానికి ధర్మవరం పోయాడు, నా తరఫున మాట్లాడే దిక్కు లేదు. అవ్వ గడపలోనే కూర్చుని ఉంది.

"రైలు లేటవ్వా" అన్నాను.

అవ్వ వక్క ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చింది. "ఈపొద్దు బేస్తవారం గదే. మీ రైలు లేటయ్యేది బుధవారం గదా."

అంటే ఆ రోజు పక్కింట్లోంచే అన్నీ విన్నదన్నమాట. షరతు పెట్టింది ఆమే. ఇన్నాళ్ళూ ఆ కూత విని, కొడుకు మాటా విని, ఊరుకున్నదీ ఆమే.

"నిజ్జంగానే లేటవ్వా."

"సరేలే, కాళ్ళు కడుక్కోని రా" అని పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. "నిన్న ఏమడిగితివి ఆ సారును?"