గురువారం నీళ్లు

ఈ ఉదయం ఇద్దరు యువకులు మా గేటు బయట మోటారు సైకిలు ఆపి, దాని మీద నుంచి దిగకుండానే, "తాతా, మీ బాయిల నీళ్లెంత లోతుల ఉన్నయ్?" అని అడిగారు. నేను చెప్పులు తొడుక్కుని, టేపు తీసుకుని బయటికి వచ్చేలోగానే వెనక కూర్చున్నతను చేతిలోని ఫోనులో ఏదో అంకె నొక్కేశాడు. "కొలవకుంట ఎట్ల రాసినవ్ నాయినా?" అన్నాను. "అందాజ తాతా, అన్ని ఊర్లల్ల గిట్లనే ఉన్నయ్" అన్నాడు. బండి వెళ్లిపోయింది. ఆ అంకె రేపు జిల్లా కాగితాలకెక్కుతుంది. దానిని నమ్ముకుని ఎవరో ఏదో నిర్ణయిస్తారు. ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియక, లోపలికి వచ్చి వారి రాకనూ, సమయాన్నీ, బండి రంగునూ రిజిస్టరులో రాసి కింద సంతకం చేశాను. దానితో కోపం కొంత చల్లారింది. మిగిలిన కోపంతో పాత రిజిస్టర్లు తిరగేస్తుంటే మూడేళ్ల కిందటి యాసంగి పేజీలు వచ్చాయి. వాటిలో నా అక్షరాల పక్కన సన్నగా, ఏటవాలుగా మరొకరి చేతిరాత ఉంది. నా రిజిస్టరులో రాసే హక్కును నేను జీవితంలో ఒక్కరికే ఇచ్చాను. ఆమె హాలండు నుంచి వచ్చిన పిల్ల.

రిజిస్టరు సంగతి కొంత చెప్పాలి. నా ఉద్యోగ జీవితమంతా భూపాలపల్లి బొగ్గుగనిలో, సర్వే విభాగంలో గడిచింది. గనిలో రోజుకు ఎంత నీరు ఊరింది, పంపులు ఎంత తోడాయి అన్నది రాయడం నా పనుల్లో ఒకటి. మనుషులు దిగే చోట నీరు నిలిచే ప్రమాదం ఉంది గనుక ఆ రాతలో అందాజకు చోటు లేదు. విరమణ తరువాత జనగామకు ఆవలనున్న మా ఊరికి వచ్చి స్థిరపడ్డాక, చెయ్యి ఊరుకోక, పెరటిలోని చేదబావి నీటిమట్టాన్ని ప్రతి ఉదయం ఆరు గంటలకు కొలిచి రాయసాగాను. మా ఆవిడ పుట్టిల్లు మహబూబాబాదు దగ్గర. బావిలో నీళ్లున్నాయో లేవో తెలియాలంటే చేద వేసి చూస్తే చాలునన్నది ఆమె అభిప్రాయం. కొలతల విషయంలో మా ఇద్దరికీ నలభై ఏళ్లుగా రాజీ కుదరలేదు.

కుంటలు బాగుచేయించే సంస్థ ఒకటి జనగామలో ఉండేది. ఆ ఏడు ఫిబ్రవరిలో దాని తరఫున ఒకాయన వచ్చి, చదువులో భాగంగా నాలుగు నెలల ఇంటర్న్‌షిప్‌కు ఒక విదేశీ అమ్మాయి వస్తున్నదనీ, మా మేడమీది గది ఇవ్వగలరా అనీ అడిగాడు. మా ఊళ్లో ఐదు, పొరుగూళ్లో ఐదు వ్యవసాయ బావులను ఆమె వారానికొకసారి కొలవాలి. ఎండలు ముదిరేకొద్దీ ఏ ఊరి నీళ్లు ఎక్కువగా దిగిపోతే, ఆ ఊరి కుంటకు ఆ వేసవిలో పూడికతీత. ఒక్క కుంటకే యంత్రం ఉంది. ఆమె నివేదికే ఆధారం. ఇరవై మూడేళ్ల పిల్ల చేతిలో ఇంత బాధ్యత పెట్టడం నాకు నచ్చలేదు. ఆ మాట ఆయనతోనే అన్నాను. కాని పిల్ల వచ్చి, తన దేశంలో చాలా నేల సముద్రం కంటే పల్లంలో ఉందనీ, అక్కడి వారి పని నీటిని బయటికి తోడిపోయడమేననీ చెప్పగానే మనసు మారింది. నేనూ గనిలో చేసింది అదే. మా ఆవిడ మాత్రం, "నీళ్లు పారబోసేటోళ్లు ఇద్దరు ఒక్కకాడ చేరిన్రు, ఇగ మనకు నీళ్లెందుకుంటయ్" అన్నది.

ఆమె వచ్చిన మరునాడే గది గోడకు ఒక కాలపట్టిక అతికించింది. మాతో టీ తాగడం సాయంత్రం నాలుగున్నరకు. ఐదింటికి పైకి వెళ్లిపోవడం. ఇంత క్రమం గల మనిషిని చూసి నేను పరవశించాను. వంటింటికి రావాలన్నా మెట్ల మీద నిలబడి, "అమ్మా, రావచ్చునా?" అని అడిగేది. ఎక్కడో పుస్తకంలో నేర్చుకున్న తెలుగు అది. అరసున్న ఒక్కటే తక్కువ. తన దేశంలో మేనత్త ఇంటికి వెళ్లాలన్నా వారం ముందు చెప్పాలని ఒకసారి మాటల్లో అన్నది. "మరి తల్లింటికి?" అని మా ఆవిడ అడిగింది. "అమ్మకు కూడా చెప్పాలి" అన్నది పిల్ల. మా ఆవిడ ఆమె వంక జాలిగా చూసి, పళ్లెంలో ఇంకో జొన్నరొట్టె వేసింది.

బావుల దగ్గరా అదే పద్ధతి. మొదటి గురువారం సంస్థ మనిషితో కలిసి వెళ్లి పది బావులూ కొలిచింది. రెండో వారం నుంచి ఒక్కతే. ప్రతి మంగళవారం సాయంత్రం ఆ పదిమంది రైతులకూ ఫోనులో, "ఎల్లుండి ఉదయం మీ బావి దగ్గరికి వస్తాను, రావచ్చునా?" అని తన గొంతుతో సందేశం పంపేది. ఆ సందేశాన్ని జనం పాల కేంద్రం దగ్గర మళ్లీ మళ్లీ పెట్టుకుని విని మురిసిపోయేవారు. నీటిని తాకగానే కూత పెట్టే టేపు ఒకటి ఆమె దగ్గరుండేది. గురువారం వచ్చిందంటే దాని కూత వినడానికి గట్ల మీద మనుషులు చేరేవారు. దారికి అడ్డమున్న ముళ్లకంప తీసేవారు. ఏప్రిల్‌లో ముంజలు కొట్టి పెట్టేవారు.

ఎనిమిదో వారం ఆమె గీసిన పటం తెచ్చి నా ముందు పరిచింది. పొరుగూరి గీత కిందికి దిగుతోంది. మా ఊరి గీత మొదట్లో ఒక్క చుక్క దగ్గర అడుగున ఉండి, వెంటనే పైకి లేచి, ఏడు వారాలుగా కదలకుండా నిలబడి ఉంది. మొదటి గురువారం తనకు టేపు వాడటం సరిగా రాలేదనీ, ఆ చుక్కను తీసేస్తాననీ చెప్పింది. అంటే పూడికతీత పొరుగూరికి. ఊరికి మంచి జరగాలని కాదు గాని, అబద్ధం జరగకూడదని నాకు ఆవేశం వచ్చింది. నా రిజిస్టరు తెచ్చి పక్కన పెట్టాను. మా చేదబావి వారానికి జానెడు చొప్పున దిగుతోంది. నీ టేపు తప్పన్నాను. ఆమె పైకి వెళ్లి టేపు తెచ్చి మా బావిలోకి దింపింది. నా ఇనుప టేపూ దింపాను. రెండూ ఒకే అంకె చెప్పాయి. "ఎక్కడో తప్పు ఉంది" అన్నదామె. "తప్పు నాది కాదు" అన్నాను, ఎవరూ అడగకపోయినా.

మరునాడు శుక్రవారం. పొద్దున్నే దగ్గరి బావికి నడిచాను. అది కౌలుకు చేసుకునే ఒక పెద్దమనిషిది. ఊరంతా ఆయనను భాయ్ అంటుంది. మోటారు ఆగకుండా నడుస్తోంది. బావిలోకి తొంగిచూస్తే అడుగున బురద మెరుస్తోంది.

"ఏంది భాయ్, నిన్న అన్ని నీళ్లుండె, ఇయ్యాల అడుగు గనవడుతున్నది?"

"నిన్న పిల్ల వచ్చింది గద సార్. బుధారం పొద్దుగాలనే మోటర్ బందు పెట్టినం. ఒక రోజు ఊరితె మంచిగ నిలుస్తయ్."

"ఎందుకు బందు పెట్టిన్రు?"

ఆయన నన్ను అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు. "గంత దూరం నుంచి వచ్చిన పిల్లకు ఎండిన బాయి సూపెడ్తమా సార్? మన ఇజ్జత్ ఏంగావాలె? ఒక రోజు తడి లేక మడి జర వాడుతది, వాడనీ."

"ఎవరు చెప్పిన్రు మీకు గిట్ల చెయ్యుమని?"

"మీ ఇంట్ల అక్కనే చెప్పింది."

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. మా ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ ఉంది. ముప్పై ఏళ్ల సర్వే అనుభవాన్నంతా కూడగట్టుకుని, కొలత అంటే ఏమిటో, దాన్ని పాడుచేయడం ఎంతటి నేరమో పది నిమిషాలు చెప్పాను. ఆమె చెరగడం ఆపలేదు. "మొదటి గురువారం బాయిలల్ల నీళ్లు లేవని పిల్ల మొఖం ఇంత చేసుకొని వచ్చింది. అన్నం గూడ తినలే. జర నీళ్లు నిలువనియ్యుండ్రని పాలకాడ ఆడోళ్లకు చెప్పిన. చుట్టం వస్తుందంటే వాకిలి ఊడ్సుకోమా?" అన్నది. పొరుగూళ్లో మా ఆవిడకు అంత పలుకుబడి లేకపోవడం వల్ల అక్కడి కొలతలు బతికిపోయాయి.

పిల్లకు చెప్పవలసిన వాణ్ణి నేనే. మా వాళ్లు మోసగించారనుకుంటుందేమోనన్న భయంతో, జరిగింది వరుసగా కాగితం మీద రాసుకుని చదివి వినిపించాను. ఆమె మొదట నమ్మలేదు. తరువాత, "మొదటి గురువారం నాకు కడుపు బాగా లేదు. ముందు రాత్రి మామిడికాయ తొక్కు తిన్నాను" అన్నది. అని పైకి వెళ్లిపోయింది. ఆ రోజు నాలుగున్నరకు టీకి దిగలేదు.

రాత్రి భోజనానికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఐదు వారాల్లో నివేదిక ఇవ్వాలి. చేతిలో ఉన్నది ఏడు వారాల తప్పు. ప్రొఫెసరుకు రాస్తే పని రద్దు చేసి వెనక్కి రమ్మనవచ్చు. ఇక్కడ నేను ఒక మాట అన్నాను. దానిని దాచిపెడితే ఈ రాతకు అర్థం లేదు. మా చేదబావి ఎంత దిగిందో నా రిజిస్టరులో ఉంది గనుక, ఆ లెక్కతో ఆ ఏడు వారాల అంకెలను సవరించుకొమ్మన్నాను. ఎవరికీ తెలియదని కూడా అన్నాను. ఆమె చాలా మర్యాదగా, "సర్, అది మీ బావి" అన్నది. అందాజను జీవితమంతా తిట్టినవాణ్ణి. అన్నం ముందు తల వంచుకుని కూర్చున్నాను.

ఆ రాత్రే ఆమె ప్రొఫెసరుకు ఉన్నది ఉన్నట్టు రాసింది. జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆయన రమ్మనలేదు. తప్పిన అంకెలను పారేయవద్దనీ, ఎందుకు తప్పాయో ఒక పేజీ రాయమనీ, మిగిలిన వారాలైనా సరిగా కొలవమనీ రాశాడు. ఎలా కొలవడం? మోటార్లు ఆపవద్దని చెబితే, మొహమాటానికి సరేనని ఆపేస్తారు. నేను రెండు పథకాలు గీశాను. రెండూ పనికిరానివి. మా ఆవిడ విని విసుక్కుని పిల్లతో, "చెప్పకుంట పో బిడ్డా. చెప్పి వచ్చేటోళ్లు ఆఫీసర్లు. మనోళ్లు ఏనాడన్న చెప్పి వస్తరా?" అన్నది.

మాకు అది చిన్న మాట. ఆ పిల్లకు అది దొంగతనానికి వెళ్లడంతో సమానం. ఆ సోమవారం ఉదయం టేపు పట్టుకుని బయలుదేరి, భాయ్ పొలం గట్టు దగ్గర ఆగిపోయింది. ఎండలో పావుగంట అలాగే నిలబడింది. తోడు వెళ్లిన నేను దూరంగా వేపచెట్టు కింద నుంచి చూస్తున్నాను. చివరికి ఆమె గట్టు దిగింది. భాయ్ ఇల్లాలు తలెత్తి చూసింది. ఆశ్చర్యపోలేదు. "వచ్చినవా, మంచిగయింది. గీ పైపు పట్టుకో బిడ్డా, నేను మడికి నీళ్లు మలుపుకొని వస్త" అన్నది. పిల్ల అరగంట పైపు పట్టుకుంది. ఆ తరువాత బావిలోకి టేపు దింపింది. అది చాలా లోతుకు పోయి గాని కూయలేదు. మోటారు ఎప్పటి నుంచి నడుస్తోందో అడిగి అది కూడా రాసుకుంది. మోకాళ్ల దాకా బురదతో ఇంటికి వచ్చి, మెట్ల దగ్గర ఆగకుండా నేరుగా వంటింట్లోకి నడిచి, "అమ్మా, టీ ఇయ్యలేదు. పని ఇచ్చిన్రు" అన్నది. అంత సంతోషంగా ఆమెను అంతకుముందు చూడలేదు.

ఆ ఐదు వారాలూ ఆమె ఎప్పుడు ఎక్కడ ఉంటుందో నాకే తెలిసేది కాదు. ఏ ఇంట్లో ఏది వండితే అది తినేది. ఒకచోట పల్లికాయ ఒలిచేది, ఒకచోట ఎవరి పిల్లనో ఎత్తుకునేది. అన్నిచోట్లా కొలిచేది. సాయంత్రం మా చేదబావిని కూడా కొలిచి నా రిజిస్టరులో తన చేత్తో రాసేది. నివేదికలో మా ఊరి గీత, ఆ మొదటి చుక్కతో కలిసి, పొరుగూరి గీత కంటే కిందికి దిగింది. పూడికతీత మా కుంటకు వచ్చింది. సగం కుంట పూర్తయ్యేసరికి వానలు పడ్డాయి. మిగిలిన సగం గురించి నేను రాసిన అర్జీలకు ఇప్పటికీ జవాబు లేదు.

వెళ్లే రోజున ఆమె తెల్లవారగానే సంచి తగిలించుకుని, చప్పుడు కాకుండా గేటు తీస్తుంటే మా ఆవిడ పట్టుకుంది.

"ఎటు?"

"రైలుకు, అమ్మా. జనగామకు."

"ఊర్ల ఎవ్వరికన్న చెప్పినవా?"

"చెప్పొద్దు గద" అన్నది పిల్ల, నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పినట్టు.

"వచ్చేటప్పుడు చెప్పొద్దన్న. పోయేటప్పుడు చెప్పకుంట పోతరా ఎవరన్న?"

సంచి లోపలికి పోయింది. ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంట్లో కూర్చోవాలి, ఏదో ఒకటి నోట వేసుకోవాలి. పొద్దుటి రైలు పోయింది. మధ్యాహ్నం రైలు కూడా పోయేలా ఉందని నేను గడియారం చూపిస్తూ వెంట తిరిగాను. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. చివరి ఇల్లు భాయ్‌ది. ఆయన ఇల్లాలు పిల్ల చెయ్యి పట్టుకుని, "మల్ల ఎప్పుడొస్తవ్?" అని అడిగింది. పిల్ల అలవాటుగా నెలలు లెక్కపెట్టుకుంటూ, "వచ్చే డిసెంబరు..." అని మొదలుపెట్టి, ఆగి, ఒకసారి మా ఆవిడ వంక చూసి, "వస్త" అన్నది. గడిచిన రోజుల్లో ఏది అడిగినా కొలిచి చెప్పగలను. రావలసిన రోజులకు మాత్రం ఆ ఒక్క మాటకు మించిన లెక్క నా దగ్గర లేదు, ఈ వయసులో అది చాలుననే అనిపిస్తోంది.