ఒకే గదిలో రెండు వెబ్‌సైట్ల కాపురం

తుఫాన్లు చాలానే చూసిన ఊరు మా బందరు. కానీ ఫ్యాను కింద కూర్చుని, ఒక్క మీట నొక్కి పెడన మీదికి తుఫాను పంపినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ముందస్తు హెచ్చరిక ఏదీ రాలేదు. ఆ పని చెయ్యాల్సిన మా అమ్మ ఆ పూట కూరగాయలకు వెళ్ళింది.

అప్పటికి నేను రెండు వెబ్‌సైట్లకు దిక్కు. ఒకటి పెడనలో కలంకారీ అద్దకం షెడ్డు నడిపే బాలాజీ బావది. మాకు చుట్టరికం లేదు, పిలుపులోనే బావ. రెండోది గుడివాడ సునీతక్కది. వాళ్ళ చర్చి యువజన శిబిరానికి వచ్చే పిల్లలు అందులో పేర్లు నమోదు చేసుకుంటారు. రెండింటినీ ఒకే అద్దె సర్వర్లో పెట్టాను. ఒక్కో సైటుకూ ఒక్కో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోమని చూసిన ప్రతి వీడియోలోనూ మొత్తుకున్నారు. అంటే ఏం లేదండీ, ఒకే ఇంట్లో ఎవరి వంటగది వారికి. ఒకరు కారం మార్చుకుంటే ఇంకొకరి కూర చెడదు. "ఉన్నవి రెండు సైట్లు, వీటికి వేరు కాపురాలా!" అని నేను ఉమ్మడి కుటుంబ విలువలను కాపాడాను.

ఆ రోజు పదకొండింటికి హైదరాబాదు బట్టల షాపు మేడం ఒకావిడ బావ సైటు చూసి డిజైన్లు ఎంచుకోవాలి. వానలు మొదలైతే అద్దిన గుడ్డ ఆరదు. ఈలోపు ఈ ఆర్డరు రాకపోతే షెడ్డుకు తాళం వేసి, పనివాళ్ళను ఇళ్ళకు పంపడమే. అందుకే బావ ముందే చెప్పాడు: "ఒరేయ్, ఆ పూట నా సైటును ముట్టుకోమాక."

నేను ముట్టుకోలేదండీ. సునీతక్క సైటును ముట్టుకున్నాను.

పిల్లల ఫోటోలు కూడా పెట్టుకునే వీలు కావాలంది అక్క. దానికి సర్వర్లోని సరుకును, అంటే సైట్లు నడవడానికి వాడుకునే సాఫ్ట్‌వేర్‌ను, కొత్త వెర్షన్‌కు మార్చాలి. మారిస్తే ఏమవుతుందో అని నాకు కుతూహలం. చిన్నప్పుడు ఇదే కుతూహలంతో మిక్సీ విప్పాను. ఏమవుతుందో ఇంటిల్లిపాదికీ తెలిసింది, చాలా రోజులు చట్నీ లేకుండా తిన్నాం. అయినా మీట నొక్కాను. అక్క సైటులో ఫోటోల గడి ముద్దమందారంలా విచ్చుకుంది. నా భుజం నేనే తట్టుకుంటుంటే ఫోను మోగింది.

"ఏంట్రా, నా సైట్లో చీరలు పోయి ఇంగ్లీషు తిట్లు కనపడుతున్నాయి?"

"తిట్లు కాదు బావా, ఎర్రర్."

"ఏదైతేనేం, తిట్టినట్టే ఉంది. మేడం చూసే టైమైంది!"

బావ సైటుకు పాత సరుకే పడుతుంది. గబగబా పాత వెర్షన్ పెట్టేశాను. చీరలు తిరిగొచ్చాయి. వెంటనే సునీతక్క.

"తమ్ముడూ, ఫోటోలు పెట్టమంటే మొత్తం సైటే మాయం చేశావేంట్రా?"

"కాస్త ప్రార్థన చెయ్యక్కా."

"చేస్తాలే గానీ, నువ్వేం చేశావో ముందు చెప్పు. దేవుడికి వివరాలు చెప్పాలిగా!"

మళ్ళీ కొత్తది పెట్టాను. అక్క నవ్వింది, బావ అరిచాడు. పాతది పెట్టాను. బావ ఆగాడు, అక్క అందుకుంది. బావి గిలకకు రెండు వైపులా చేదలు కట్టినట్టు, ఒకటి పైకొస్తే ఇంకోటి మునుగుతోంది.

ఇక విలువలు పక్కన పెట్టి, సర్వర్లో కొత్త సరుకు ఉంచేసి, బావ సైటుకు వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టాను. అందులో పాత సరుకు నింపాను. అయినా అదే ఎర్రర్! గది ఉంది, సరుకు ఉంది, మరి పొయ్యి ఎందుకు వెలగదు? వింతగా ఉందే అని గీరి గీరి చూస్తే తేలింది. సైటును నడిపే ఆదేశం ఇంకా పాత ఉమ్మడి వంటగదికే వెళ్తోంది. కొత్త గది దారి దానికి నేను చెప్పనే లేదు. చెప్పాను. రెండు సైట్లూ లేచి కూర్చున్నాయి. అప్పటికి మేడం చూసే వేళ దాటిపోయింది.

భయపడుతూ బావకు ఫోను చేశాను. "బావా, సైటు వచ్చేసింది."

"నీ సైటు ఎవడిక్కావాలిరా! అది పని చెయ్యకపోయేసరికి మేడం షెడ్డునే వీడియోలో చూపించమన్నారు. చీరలు చూపించా, దుప్పట్లు చూపించా. ఆవిడ కళ్ళన్నీ బల్ల మీదే."

అద్దకం బల్ల మెత్తగా ఉండటానికి, అద్దే బట్ట అడుగున ఒక గుడ్డ పరుస్తారు. ఏళ్ళ తరబడి పైనుంచి ఇంకిన రంగులన్నీ దాని మీదే ఉంటాయి: నెమలి మీద ఏనుగు, ఏనుగు మీద మామిడి పిందె.

"ఆ గుడ్డ లాంటివే కావాలన్నార్రా! షెడ్డు మొత్తానికీ పని!"

"అది డిజైను కాదని చెప్పలేదా?"

"చెప్పా. అందుకే కావాలన్నారు. చిక్కేంటంటే, అచ్చు మీద అచ్చు పడకుండా వెయ్యడమే మావాళ్ళకి తెలుసు. కలగాపులగం చెయ్యమంటే ఒక్కడికీ చెయ్యి రావట్లేదు."

"మరెలా బావా?"

"నువ్వు బస్సెక్కి వచ్చెయ్. దేని చోటు దానికివ్వకుండా అన్నీ కలిపి పాడు చెయ్యడంలో నీ అంతటోడు కృష్ణా జిల్లాలో లేడు."

రంగులంటిన ఈ రెండు చేతులూ జోడించి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా సర్వర్లో అడుగు పెట్టే ప్రతి సైటుకూ వేరు కాపురమే. రెండింటిని ఒకే గదిలో ఉంచమని సాక్షాత్తూ మా అమ్మ చెప్పినా వినను. అన్నీ కలిపెయ్యాలని ఎప్పుడైనా చెయ్యి దురద పెడితే, పెడన బస్సెక్కుతాను.